పది గంటల పద్దు

ట్యాబ్ కొనడానికి వెళ్లినవాళ్లు ధర అడిగాక అడిగే మాట ఒకటే: ఛార్జింగ్ ఎంతసేపు వస్తుంది? పదిహేనేళ్లుగా దానికి వస్తున్న జవాబూ ఒకటే: పది గంటలు. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను చూపిస్తూ చెప్పిన అంకె అది. 2024 మేలో ఐదు మిల్లీమీటర్ల మందంతో వచ్చిన పదమూడు అంగుళాల ఐప్యాడ్ ప్రోకు ఆపిల్ చెప్పిందీ అదే అంకె. ఈ మధ్యకాలంలో చిప్పులు తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయడం నేర్చుకున్నాయి. బ్యాటరీలు అదే బరువులో ఇంకాస్త ఎక్కువ శక్తిని దాచుకోగలిగాయి. ఆదా అయిన ప్రతిదీ గంటల్లోకి చేరి ఉంటే ఈపాటికి ట్యాబ్‌ను వారానికోసారి ఛార్జింగ్ పెట్టేవాళ్లం. చేరలేదు. మిగిలిందంతా తెర తినేసింది, తెర వదిలిపెట్టింది మందం తగ్గించడానికి పోయింది.

ఆ పద్దును ఒకసారి తిరగేయాలి. అయితే తయారీదారు ప్రయోగశాలలో కూర్చుని తిరగేస్తే లెక్క ఒక రకంగా తేలుతుంది, మనుబోలులో కూర్చుంటే ఇంకో రకంగా తేలుతుంది. గూడూరుకూ నెల్లూరుకూ నడుమ, హైవే మీదే ఉన్న మండల కేంద్రం ఇది. ఊరి పేరుతో ట్రాన్స్‌కోకు 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. కృష్ణపట్నం తీరాన బొగ్గు మండించి పుట్టించే కరెంటు దేశం మీదికి వెళ్లే దారిలోనే ఉన్నాం కాబట్టి ఇక్కడ కరెంటుకు కరువు ఉండకూడదు. గాలివాన వచ్చినప్పుడు మాత్రం సబ్‌స్టేషన్ పక్కనున్న వీధికీ, పక్క మండలంలో వీధికీ పెద్ద తేడా కనపడదు. ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు, రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా నలభై డిగ్రీలు దాటి ఉడుకుతుంది. ట్యాబ్ తెరకూ బ్యాటరీకీ ఉన్న పేచీ అంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది, ఒకటి ఎండ వెలుతురు, రెండు ఎండ వేడి.

ఈ ఊళ్లలోకి ట్యాబ్‌లు దుకాణం దారిన వచ్చినవి తక్కువ, బడి దారిన వచ్చినవే ఎక్కువ. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. 4,59,564 మంది విద్యార్థులు, 59,176 మంది ఉపాధ్యాయులు, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. ఖర్చు 686 కోట్ల రూపాయలు, అంటే ఒక్కోటి పదమూడు వేల పైచిలుకు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత, ఇంకో 4,34,185. మొదటి విడతలో వచ్చింది శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. అందులో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. ఆ బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్యాటరీ కన్నా ముందు పాఠాలమ్మిన కంపెనీయే డిశ్చార్జ్ అయిపోయిందని మేస్టార్లు నవ్వుకోవడం వేరే కథ. మొదటి విడత అందుకున్న పిల్లలు 2025లో పది పరీక్షలు రాసి బడి దాటిపోయారు. మూడేళ్ల వారంటీ తీరిపోయింది. ట్యాబ్‌లు మాత్రం ఇళ్లలోనే ఉన్నాయి, తమ్ముళ్ల చేతుల్లోకి, చెల్లెళ్ల చేతుల్లోకి మారుతూ. ఒకే మోడలు ఇన్ని లక్షలు ఒకే రాష్ట్రంలో, ఒకే వయసు పిల్లల చేతుల్లో, ఒకే ఎండలో మూడేళ్లు నలిగాయి. ట్యాబ్ తెర గురించీ బ్యాటరీ గురించీ మాట్లాడుకోవడానికి ఇంతకు మించిన సందర్భం ఎక్కడ దొరుకుతుంది?

ముందు తెర ఎందుకు తింటుందో చూడాలి. మామూలు ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనకాల దీపాలు వెలుగుతూ ఉంటాయి, తెర ఆ వెలుగును అడ్డుకుంటూ, వదులుతూ బొమ్మ కడుతుంది. ఆ దారిలో పోలరైజర్లు, రంగుల ఫిల్టర్లు, ప్రతి చుక్క పక్కనా కూర్చునే ట్రాన్సిస్టర్ కలిసి వెలుగులో అత్యధిక భాగాన్ని మింగేస్తాయి. వెనకున్న దీపం పుట్టించిన దాంట్లో కంటిదాకా వచ్చేది పదో వంతు కూడా ఉండదు. తెర మీద చుక్కలు పెంచే కొద్దీ ట్రాన్సిస్టర్లూ తీగలూ పెరుగుతాయి, వెలుగు దూరే సందు తగ్గుతుంది. అదే వెలుతురు కావాలంటే దీపాన్ని ఇంకా గట్టిగా వెలిగించాలి. అక్షరం నున్నగా కనపడాలనే కోరికకు కరెంటు రూపంలో కట్టే సుంకం అది.

ఆ సుంకం ఎంతో ఒక్క ఏడాదిలో తేటతెల్లం చేసిన ట్యాబ్ 2012 మార్చి నాటి మూడో ఐప్యాడ్. అంతకు ముందరి ఐప్యాడ్ 2లో తెర 1024×768 చుక్కలు, బ్యాటరీ 25 వాట్-అవర్లు. మూడో దాంట్లో తెర సైజు అదే 9.7 అంగుళాలు, చుక్కలు మాత్రం నాలుగు రెట్లు, 2048×1536. పది గంటల మాట నిలబెట్టుకోవడానికి బ్యాటరీని 42.5 వాట్-అవర్లకు, అంటే డెబ్భై శాతం పెంచాల్సి వచ్చింది. సన్నబడుతూ రావాల్సిన ట్యాబ్ 8.8 నుంచి 9.4 మిల్లీమీటర్లకు లావెక్కింది. యాభై గ్రాముల బరువూ పెరిగింది. అంత పెద్ద బ్యాటరీకి అదే పది వాట్ల ఛార్జరు ఇచ్చారు గనక నిండటానికి రాత్రంతా పట్టేది. ఆటలాడుతుంటే వేడెక్కుతోందని గోల మొదలైతే, అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక కొలిచి 116 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోతోందని తేల్చింది, మన లెక్కలో 47 సెల్సియస్. ఏడు నెలలకే దాన్ని పక్కనపెట్టి నాలుగో ఐప్యాడ్ దించారు. తెర మీద మోజుతో బ్యాటరీని ముంచిన తరం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. బ్యాటరీ వాట్-అవర్లను తెర వైశాల్యంతో భాగిస్తే, చదరపు అంగుళం తెరను పది గంటలు వెలిగించడానికి ఎంత శక్తి దాచారో తెలుస్తుంది. మొదటి రెండు ఐప్యాడ్‌లకు అది 0.55. మూడోదానికి 0.94. 2013 ఐప్యాడ్ ఎయిర్‌కు అన్నే చుక్కలతో 0.72, కారణం బ్యాటరీ 32.4కు తగ్గడం. ఇక 2024 నాటి పదమూడు అంగుళాల ఐప్యాడ్ ప్రోకు 0.48. పద్నాలుగేళ్లలో ఇది కొండెక్కి దిగింది, పది గంటలు మాత్రం కదల్లేదు. కొండ దిగడానికి కారణాలు రెండు. తెర వెనక ట్రాన్సిస్టర్లు చిన్నవై, తక్కువ కరెంటు కార్చే రకాలు వచ్చాయి. ఆ తర్వాత, వెనక దీపమే అక్కర్లేకుండా చుక్కచుక్కా తనే వెలిగే ఓఎల్‌ఈడీ వచ్చింది. 2024 ప్రోలో రెండు ఓఎల్‌ఈడీ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. బరువు ఇద్దరు మోస్తే ఒక్కొక్కరికీ శ్రమ తగ్గినట్టు, ఒక్కో పొర మీదా భారం తగ్గి, వెయ్యి నిట్స్ వెలుతురు తేలిగ్గా వస్తుంది. ఈ ఆదాలో కొంతయినా కొనేవాడి చేతికి గంటల రూపంలో ఇచ్చి ఉండొచ్చు. ఆపిల్ మాత్రం దాన్ని మందం తగ్గించడానికి వాడింది.

మిగతా కంపెనీలు ఇంతకంటే ఉదారంగా లేవు. 2014లో శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ 10.5 అంగుళాల తెరతో, 7,900 ఎంఏహెచ్ బ్యాటరీతో వచ్చింది. ఏడాది తిరగ్గానే వచ్చిన ఎస్2లో తెర 9.7 అంగుళాలకు, బ్యాటరీ 5,870కి దిగాయి. మందం 5.6 మిల్లీమీటర్లయింది, ప్రకటనల్లో ఆ అంకే మోగింది. గూగుల్ నెక్సస్ 7 మాత్రం 2012 నుంచి 2013కు వచ్చేసరికి తెరలో చుక్కలు రెట్టింపుకు పైగా పెంచి, బ్యాటరీని 4,325 నుంచి 3,950కి తగ్గించి, బరువూ తగ్గించి, గంటలు మాత్రం తగ్గకుండా చూసుకుంది. మెరుగైన తెర సాంకేతికత ఉంటే చుక్కలకు కట్టే సుంకం దాదాపు సున్నా అవుతుందని చూపించిన మంచి ఉదాహరణ అది. అయితే ఆ తెర ఖరీదైనది, పదమూడు వేల ట్యాబ్‌లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టే రకం.

చవక ట్యాబ్ కథ మన హైదరాబాద్‌ను తాకుతూ మొదలైంది. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్‌ను ఆవిష్కరించారు. డేటావిండ్ కంపెనీ తరఫున దాన్ని బిగించింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, 800×480 చుక్కలు, వేలితో కాదు గోటితో నొక్కితే గాని పలకని రెసిస్టివ్ టచ్. బ్యాటరీ 2,100 ఎంఏహెచ్, అంటే ఎనిమిది వాట్-అవర్లకు లోపే. రెండు మూడు గంటలకు మించి రాలేదు. ఏడాది తర్వాత 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన ఆకాశ్ 2లో టచ్ మామూలుదైంది, బ్యాటరీ 3,000 అయింది, చిప్పు వేగం 366 మెగాహెర్ట్జ్ నుంచి ఒక గిగాహెర్ట్జ్‌కు పెరిగింది. గంటలు మూడే. పెంచిన బ్యాటరీని చిప్పు తాగేసింది. తరం మారినా గంటలు మారకపోవడం అనే జబ్బు ఖరీదైన ట్యాబ్‌లదే కాదని ఆకాశ్ అప్పుడే చూపించింది.

ఆకాశ్ తెర గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. అంగుళానికి 133 చుక్కలు. అదే సాంద్రతతో ఐప్యాడ్ 2 ఇంగ్లిష్ పేజీని చక్కగానే చూపించేది. తెలుగుకు అది చాలదు. చిన్న సైజు అక్షరాల్లో థ కడుపులో చుక్కా, ధ కింద గీతా ఒకే మసకగా కలిసిపోతాయి. ప, ఫ, ష మూడూ అన్నదమ్ముల్లా కనపడతాయి. కింద వత్తు, పైన గుడి, మళ్లీ పక్కన సున్నా చేరిన మాటలో ఒక్క వరసలోనే మూడు అంతస్తులు ఇమడాలి. ఆకాశ్‌లోని ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు ఫాంటే లేక డబ్బాలు కనిపించేవి గనక ఈ బాధ దాకా వెళ్లే అవకాశమే రాలేదు, అది వేరు. చుక్కల సాంద్రత పెంచడం షోకు కోసమేనని కొట్టిపారేసే సమీక్షలు చదివినప్పుడల్లా, ఈ పెద్దమనిషి ఎప్పుడూ సంయుక్తాక్షరం చదివినట్టు లేదనుకుంటాను.

అందుకే ఏ7 లైట్ తెర నాకు సరైన మధ్యేమార్గం అనిపిస్తుంది. 8.7 అంగుళాలు, 1340×800, అంగుళానికి దాదాపు 180 చుక్కలు. తెలుగు తప్పుల్లేకుండా చదవడానికి సరిపోయే కనీసం అదే, దానికి మించిన సుంకం కట్టించదు. బ్యాటరీ 5,100 ఎంఏహెచ్, దాదాపు ఇరవై వాట్-అవర్లు. చదరపు అంగుళానికి 0.59, అంటే తన తెరకు తగిన తిండి తెచ్చుకున్నదే. చిక్కు పాఠ్యపుస్తకంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పుస్తకాలు 2020 నుంచి ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. ఏ4కు దగ్గరి సైజు పేజీని నాలుగున్నర అంగుళాల వెడల్పులోకి కుదిస్తే అక్షరం సగానికి పడిపోతుంది. పిల్లలు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, పక్కకు జరుపుకుంటూ చదువుతారు. అంటే పేజీకి పట్టే సమయం పెరుగుతుంది, ఆ సమయమంతా తెర వెలుగుతూనే ఉంటుంది. తెర సైజు తగ్గించి ఆదా చేసిన కరెంటు కొంత ఈ దారిన తిరిగి పోతుంది.

ఇదే వరసలో తరవాతి తరాలు చూస్తే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2019లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఏ 8.0లో బ్యాటరీ 5,100. 2021 ఏ7 లైట్‌లో 5,100. 2023 ఏ9లో 5,100. 2025 ఏ11లో కూడా 5,100. ఏ7 లైట్ నుంచి తెర సైజూ చుక్కలూ మారలేదు. మారింది చిప్పు. ఏ7 లైట్‌లోది 12 నానోమీటర్ల తయారీ, ఏ9లోది 6 నానోమీటర్లు. అదే పనికి కరెంటు బాగా తగ్గాలి, తగ్గింది కూడా. బరువు కొంత తగ్గినా బ్యాటరీ తగ్గలేదు గనక తరాల మధ్య గంటలు నిజంగా పెరిగే అవకాశం ఉన్న అరుదైన ఘట్టం ఏ7 లైట్ నుంచి ఏ9కు మారడం. ఏ11లో ఆ మిగులులోంచి కొంత తీసి తెరకే పెట్టారు, సెకనుకు అరవై సార్లు మారే తెరను తొంభై సార్లకు పెంచారు. వేలితో పేజీ జరిపినప్పుడు నున్నగా జారుతుంది. పాఠం వీడియో మాత్రం సెకనుకు పాతిక ముప్పై బొమ్మలతోనే ఉంటుంది, దానికి తొంభై వల్ల ఒరిగేదేమీ లేదు. సెట్టింగుల్లో తక్కువకు దించుకునే వీలున్న ట్యాబ్‌లలో దించుకోవడమే మేలు. దించుకున్న పిల్లాణ్ని మాత్రం నేనింకా చూడలేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా గదిలో లెక్క. సమీక్షకులు బ్యాటరీ కొలిచేది మధ్యస్థ వెలుతురులో. ఆనంద్‌టెక్ లాంటి నిక్కచ్చి పత్రికలు అన్ని తెరలనూ 200 నిట్స్ దగ్గర నిలబెట్టి కొలిచేవి. గదిలో వెలుతురు మూడొందల లక్స్ ఉంటే, మధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది. మనుబోలు ఇళ్లలో పిల్లలు చదివేది గదిలో కాదు, గాలి కోసం వసారాలో, అరుగు మీద. వసారా వెలుతురు గదికి పదింతలు ఇరవై ఇంతలు ఉంటుంది. తెర బ్రైట్‌నెస్ గీత కుడి చివరికి పోతుంది, అక్కడే ఉండిపోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక కూడా వెనక్కి జరిపే తీరిక ఎవరికి? ఎల్‌సీడీ వెనక దీపం కరెంటు దాదాపు బ్రైట్‌నెస్‌తో పాటే పెరుగుతుంది. సగం వెలుతురులో పది గంటలు వచ్చిన ట్యాబ్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఆరేడు గంటలకు పడిపోవడం మామూలే.

తెర వెలుతురు ఎంతున్నా అద్దం మెరిస్తే ప్రయోజనం లేదు, ఈ సంగతి ప్రకటనల్లో కనపడదు. చవక ట్యాబ్‌లో తెరకూ పైనున్న అద్దానికీ మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. అద్దం పైముఖం ఒకసారి, లోముఖం ఒకసారి, తెర ఇంకోసారి ఎండను వెనక్కి కొడతాయి. 2014 ఐప్యాడ్ ఎయిర్ 2లో ఆపిల్ ఆ సందు తీసేసి అతికించింది, మెరుపు తగ్గించే పూత పూసింది, 56 శాతం తగ్గిందని చెప్పుకుంది. విశేషం ఏంటంటే అదే ట్యాబ్‌లో బ్యాటరీని 32.4 నుంచి 27.3కు కోశారు. మామూలు ఐప్యాడ్‌కు మాత్రం ఆ అతుకు ఇప్పటికీ దక్కలేదు. 2021 తొమ్మిదో తరం 10.2 అంగుళాలకు 32.4 వాట్-అవర్లు, 2022 పదో తరం 10.9 అంగుళాలకు 28.6. తెర పెరిగింది, బ్యాటరీ తగ్గింది, గాలి సందు అలాగే ఉంది. ఎండలో చదివేవాడికి ఇది ఏ రకంగా చూసినా వెనకడుగే. దీని మీద మళ్లీ మన స్క్రీన్ గార్డ్ ఒకటి. ఏడాది తిరిగేసరికి గీతలు పడి, అంచుల్లో నూనె చేరి, బుడగలు లేచి, వసారాలో ట్యాబ్ అంటే తెర మీద కొబ్బరాకుల నీడా, చూస్తున్నవాడి మొహమూ తప్ప ఇంకేమీ కనపడదు. తల మీద తుండుగుడ్డ కప్పుకుని లోపల ట్యాబ్ పెట్టుకుని చూసే పిల్లాణ్ని చూస్తే నవ్వొస్తుంది గాని, వాడు చేస్తున్నది సరైన ఇంజనీరింగే. బ్రైట్‌నెస్ సగానికి దించినా బొమ్మ కనపడుతుంది.

ఓఎల్‌ఈడీ వస్తే ఈ బాధ తీరుతుందా? అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద కొలిచారు. నల్ల నేపథ్యం పెట్టుకుంటే మామూలు బ్రైట్‌నెస్‌లో మిగిలేది మూడు నుంచి తొమ్మిది శాతం. ఫుల్ బ్రైట్‌నెస్‌లో మాత్రం 39 నుంచి 47 శాతం. ఎండలో వాడేవాడికి డార్క్ మోడ్ బాగా కలిసొస్తుందన్నమాట. కలిసొచ్చే చోటే అది పనికిరాదు, ఎండలో నల్ల తెర అచ్చమైన అద్దం. పైగా పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెల్ల కాగితమే, ఓఎల్‌ఈడీ ఎక్కువ కరెంటు తాగేది తెల్ల పేజీకే. చదువు ట్యాబ్‌కు ఓఎల్‌ఈడీ కోసం ఎదురుచూడాల్సిన పని లేదని నా ఉద్దేశం.

ఎదురుచూడదగ్గది వేరే ఉంది. ఎండను శత్రువుగా కాక దీపంగా వాడుకునే తెర. 2007లో చవక బడి కంప్యూటర్ ఎక్స్‌ఓ-1 కోసం మేరీ లూ జెప్సెన్ అలాంటి తెర తయారు చేశారు, నీడలో రంగులు, ఎండలో వెనక దీపం ఆర్పేస్తే నలుపు తెలుపుల్లో ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ఆమె పెట్టిన పిక్సెల్ క్యూఐ కంపెనీ తెరతో 2011 మొదట్లో మన దేశపు నోషన్ ఇంక్ ‘ఆడమ్’ అనే ట్యాబ్ తెచ్చింది. ఆలోచన నూటికి నూరు పాళ్లు ఈ ఎండకు సరిపోయేది. రంగులు ఐప్యాడ్ అంత మిసమిసలాడలేదు, సాఫ్ట్‌వేర్ కుదురుగా లేదు, కంపెనీ నిలదొక్కుకోలేదు. 2024లో అమెరికాలో డేలైట్ అనే కంపెనీ నలుపు తెలుపు ట్యాబ్‌తో అదే దారిలో మళ్లీ వచ్చింది, ధర 729 డాలర్లు. ఆ డబ్బుతో ఇక్కడ నాలుగు ఏ11లు వస్తాయి. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టి చూసి కొనేంతకాలం మిసమిసే గెలుస్తుంది. ఎండలో నిలబెట్టి చూపించే దుకాణం ఎక్కడుంది?

ఎండ వెలుతురు ఆ రోజు ఛార్జింగ్‌ను తింటుంది. ఎండ వేడి బ్యాటరీ ఆయుష్షునే తింటుంది. ట్యాబ్‌ను వాడదగ్గ బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకానేనని, అది దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ రాసి మరీ చెబుతుంది. ఆ షరతు ప్రకారం నెల్లూరు జిల్లాలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ట్యాబ్ వాడకూడదు. లిథియం బ్యాటరీకి వేడితో పాటు నిండుగా ఉండటమూ పడదు, రెండూ కలిస్తే మరీ. బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ ఇచ్చే అంచనా ప్రకారం పాతిక డిగ్రీల దగ్గర నలభై శాతం ఛార్జింగ్‌తో ఏడాది ఉంచితే 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే నలభై డిగ్రీల్లో, నూరు శాతం ఛార్జింగ్‌తో ఉంచితే మిగిలేది 65. వాడకపోయినా సరే, ఊరికే ఉంచితేనే. ఇక వేసవి సెలవుల్లో బడి ట్యాబ్ ఎలా ఉంటుందో ఊహించండి. ఫుల్ ఛార్జింగ్ పెట్టి, రేకుల ఇంట్లో బీరువా మీద. లేదంటే రాత్రంతా దిండు పక్కన ఛార్జింగ్‌లోనే.

సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన ఒకసారి నాతో అన్న మాట: “అబ్బయా, అద్దం పగిలితే ఆ రోజే తెస్తారు. బ్యాటరీ పోతే తేరు. మూల పడేసి, టీవీ పక్కన వైరు పెట్టి చూస్తా ఉంటారు. ఉబ్బి అద్దం లేచినాక తెస్తారు, అప్పటికి రెండూ మార్చాల.” ఆయన బల్ల మీద అప్పుడొక ట్యాబ్ ఉంది. వెనక మూత ఒక మూల లేచి, ఆ సందులోంచి వెండి రంగు సంచి పొంగిన అప్పడంలా కనపడుతోంది. తెర మధ్యలో తెల్లటి మచ్చ, ఉబ్బిన బ్యాటరీ వెనకనుంచి ఎల్‌సీడీని నొక్కుతున్న చోటు. తెరకూ బ్యాటరీకీ ఉన్న పేచీ అక్కడ కళ్ల ముందే కనపడింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా వేరు చేశాడు, సూది గాని, స్క్రూడ్రైవర్ గాని దగ్గరికి రానివ్వలేదు. గుచ్చుకుంటే అంటుకుంటుందని పక్కనున్న కుర్రాడికి చెబుతూ, తీసిన బ్యాటరీని ఇసుక పోసిన డబ్బాలో పెట్టాడు.

ఇక్కడే పాత తరం, కొత్త తరం అనే పోలికకు అర్థం మారిపోతుంది. కొన్న రోజున ఏ7 లైట్‌కూ ఏ9కూ ఎన్ని గంటల తేడా అనేది చిన్న ప్రశ్న. మూడో వేసవి దాటాక ఏది ఎన్ని గంటలు వస్తుందనేది అసలు ప్రశ్న. దానికి ఏ పెట్టె మీదా జవాబు ఉండేది కాదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి పరిస్థితి మారింది. ఫోన్లకూ ట్యాబ్‌లకూ కలిపి వచ్చిన నిబంధనల ప్రకారం 800 సార్లు ఛార్జింగ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని గంటలొస్తుందో, బ్యాటరీ ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో, కిందపడితే ఎంత నిలుస్తుందో, బాగుచేయడం ఎంత తేలికో లేబుల్ మీద అచ్చువేయాలి. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో కొలవాలి గనక ఒకరి పది గంటలు ఇంకొకరి పది గంటలతో నిజంగా పోల్చుకోవచ్చు. అదే మోడలు మన దుకాణంలో ఆ లేబుల్ లేకుండా అమ్ముడవుతుంది. లేబుల్ అంకెలు ఎవరైనా చూసుకోవచ్చు. కొనేముందు ఫోన్‌లో ఆ మోడలు పేరుతో యూరప్ లేబుల్ వెతికి చూడటం ఖర్చులేని పని. కాకపోతే అక్కడి కొలతల్లో రోహిణి కార్తె ఉండదు.

ఇప్పుడు ఇంటికి ట్యాబ్ కొనాలంటే ఏది? చదువుకే అయితే నా ఓటు 8.7 అంగుళాల చిన్నవాటికి కాదు, పదకొండు అంగుళాల తరగతికి. గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ లాంటి వాటిలో 1920×1200 తెర, 7,040 ఎంఏహెచ్ బ్యాటరీ. చదరపు అంగుళానికి లెక్క వేస్తే 0.50, చిన్నదాని కన్నా తక్కువే. అయినా పాఠం పేజీ జూమ్ చేయకుండా కనపడుతుంది, చదివే పని త్వరగా తెములుతుంది. వీడియోలకే అయితే చిన్నది చాలు, ఏ9 గాని ఏ11 గాని. ధర తగ్గించారని ఏ7 లైట్ కొత్తది ఎక్కడైనా కనపడితే వద్దు. పెట్టెలోనే రెండు మూడు వేసవులు గడిపిన బ్యాటరీ అది, సీలు తీయకపోయినా ముసలిదైపోయి ఉంటుంది. పెట్టె మీద తయారీ నెల చూసి, ఏడాది దాటితే ఇంకో పీసు అడగండి. ఇంట్లో ఉన్న బడి ట్యాబ్‌కు వెనక మూత లేవకపోతే పారేయాల్సిన పని లేదు, మంచి బ్యాటరీ వేయిస్తే తమ్ముడికి ఇంకో రెండేళ్లు వస్తుంది, తెలుగు చదవడానికి ఆ తెర ఇప్పటికీ సరిపోతుంది. వేసవిలో వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో కింది అరలో పెట్టాలి. శామ్‌సంగ్ ట్యాబ్‌లలో చాలావాటికి బ్యాటరీని నిండకుండా ఆపే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆన్ చేసి వదిలేయండి. ఆ స్క్రీన్ గార్డ్ మాత్రం ఈ రోజే పీకేయండి.